క్వారీ గట్టు మీద గమ్యస్థానం

నందిగామకి ఇవతల హైవే దిగి లోపలికి పోతే గుట్టకిందపాలెం. ఊరు ఇంకా రాకముందే, తవ్వి వదిలేసిన సున్నపురాయి క్వారీ ఒకటుంది. దాని గట్టున సమాధుల తోట. ఆ చోటికి చెడ్డపేరు ఈమధ్యే వచ్చింది. పొద్దుగూకాక అటువైపు కార్లు వస్తాయట... మెల్లగా, ఎవరో పిలిస్తే వచ్చినట్టు. గేటు ముందు ఆగుతాయి. ఒక ఆడగొంతు వినిపిస్తుంది. అంతే — కారు వెనక్కి తిరిగి, గేర్లు అరుచుకుంటూ పారిపోతుంది.

ఆ గొంతు ఎవరిదన్నదాని మీద ఊళ్ళో రకరకాల కథలున్నాయి. శాంతికుమార్‌కి జరిగింది మాత్రం ఊరంతా ఒకేలా చెప్పుకుంటారు.

శాంతికుమార్ జగ్గయ్యపేటలో ప్రైవేటు స్కూల్లో ఫిజిక్సు మాస్టారు. అన్నీ తెలుసు. తెలియనివి ఫోన్‌కి తెలుసు. ఎదుటివాళ్ళని నోరు తెరవనివ్వడని అప్పటికే రెండు సంబంధాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి. మూడోది గుట్టకిందపాలెం చర్చి సంఘపెద్ద రత్నబాబు గారి అమ్మాయి జాయిస్. తల్లి లేని పిల్ల, నందిగామలో నర్సు. ఆ పిల్ల సరేనన్న రోజున శాంతికుమార్ తల్లి బేబి ఏడ్చినంత పనిచేసింది. ఈ సంగతి జరిగిన సాయంత్రమే ఆ పిల్ల ఊరి చర్చిలో ప్రధానం. పాస్టరు గారి ముందు ఉంగరాలు మార్చుకుంటే సంబంధం ఖాయమైనట్టే. ఇది కూడా తప్పితే కొడుక్కి ఇక పెళ్ళి కాదని బేబికి గట్టి భయం.

బయల్దేరేటప్పుడు శాంతికుమార్ అందర్నీ ఆపాడు. చుట్టాలు వ్యాన్లో వస్తున్నారు. వ్యాను డ్రైవరు చంద్రమౌళికి కనపడిన ప్రతి టీకొట్టు దగ్గరా ఆగి దారి అడిగే రోగం.

"ఇవాళ పరీక్ష పెడదాం," అన్నాడు శాంతికుమార్. "మీరు మనుషుల్ని అడుక్కుంటూ రండి. నేను ఫోన్ చూసుకుని వస్తా. శాటిలైట్ గొప్పదో, టీకొట్టు గొప్పదో తేలిపోతుంది."

"ప్రధానం రోజున పరీక్షలేంట్రా శాంతీ," అంది బేబి, వెనక సీట్లో కూర్చుంటూ.

చిల్లకల్లు దాటేదాకా బాగానే ఉంది. హైవే దిగాక రోడ్డు సన్నబడింది. దీపాలు పోయాయి. రెండు పక్కలా మిరప చేలు, చీకటి...

"ఎవరినైనా అడగరా."

"అమ్మా, ఇది సైన్సు."

బేబి అలిగి మాట్లాడ్డం మానేసింది.

మట్టిరోడ్డు. రాళ్ళు. ఎడమపక్క ఒక్కసారిగా నేల లేకుండా పోయింది — క్వారీ. హెడ్‌లైట్ల వెలుగులో ఒక గేటు కనిపించింది. గేటు వెనక తెల్లగా... వరసగా... శిలువలు.

"మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు," అంది ఫోను.

శాంతికుమార్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. స్క్రీన్ చూశాడు. చర్చి పేరు స్పష్టంగా ఉంది. గుర్తు సరిగ్గా తన కారు కిందే ఉంది. సిగ్నల్ మాత్రం లేదు. స్క్రీను పైకి జరిపి, కిందికి జరిపి, ఆఫ్ చేసి, ఆన్ చేసి... ఎంతసేపు పోట్లాడాడో తెలీదు. మధ్యలో ఏదో చప్పుడయింది. మెడ మీద చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం రాలేదు.

"అమ్మా... నువ్వేం భయపడకు," అన్నాడు గుసగుసగా.

జవాబు లేదు. ఇంకా అలకేనేమో అనుకున్నాడు.

అప్పుడు చూశాడు.

సమాధుల మధ్య ఒక దీపం లేచింది. దాని వెనక తెల్లచీర, తల మీద ముసుగు. దీపం కదిలింది... ఇటే. దాని పక్కన ఇంకో ఆకారం — పొట్టిగా, కొంగు కప్పుకుని. ఆ రెండో ఆకారం చెయ్యెత్తింది. రమ్మని ఊపింది. ఇంకా జోరుగా ఊపింది.

ఫిజిక్సు మొత్తం ఆ క్షణాన కారు దిగి వెళ్ళిపోయింది. రివర్స్ గేరు. కారు ఎలా తిప్పాడో, క్వారీలో ఎలా పడలేదో, ఆ దేవుడికే తెలియాలి. వెనకనుంచి ఏదో కేక... కిటికీ ఎక్కించేశాడు.

"యూ-టర్న్ తీసుకోండి," అంది ఫోను. "యూ-టర్న్ తీసుకోండి."

ఆ సాయంత్రం మొత్తమ్మీద అది చెప్పిన మంచిమాట అదొక్కటే. మనవాడు సరిగ్గా అప్పుడే దాన్ని నమ్మడం మానేశాడు.

హైవే పక్క టీకొట్టు దగ్గర ఆగి, చర్చికి దారి అడిగాడు. టీకొట్టాయన గిన్నె కడుగుతూనే చెప్పాడు. "సమాధుల తోటకి పోయొచ్చారా అండీ? కిందటి ఈస్టర్ నాడు తెల్లారకముందే ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని అక్కడే ఆరాధన చేశారు కదా. రత్నబాబు గారబ్బాయి మోజెస్, జనమంతా ఇక్కడే ఉన్నారు గదా అని, అక్కడే నిలబడి ఫోన్ మ్యాపులో చర్చి గుర్తు పెట్టేశాడు. అప్పట్నుంచీ కొత్తవాళ్ళంతా అటే పోతున్నారు."

శాంతికుమార్‌కి సిగ్గేసింది. అయినా ప్రాణం లేచొచ్చింది. దెయ్యం లేదు, ఏమీ లేదు. నవ్వుకుంటూ, ఆయన చెప్పిన వేరే దారిన వచ్చి చర్చి ముందు కారు ఆపాడు. వ్యాను ఎప్పుడో వచ్చేసింది. అందరూ గుమ్మంలోనే ఉన్నారు. పాస్టరు ఫ్రాన్సిస్ గారు ఎదురొచ్చారు.

"రండి బాబూ. అమ్మగారేరీ?"

"వెనక..."

శాంతికుమార్ వెనక డోరు తీశాడు.

సీటు ఖాళీగా ఉంది.

ఆ పొట్టి ఆకారం, ఆ కొంగు, ఆ చెయ్యి ఊపడం... కాళ్ళ కింద క్వారీ తెరుచుకున్నట్టయింది. కారెక్కబోతుంటే రోడ్డు మలుపులో కొవ్వొత్తి వెలుగు కనిపించింది. జాయిస్, తెల్లచీరలో, బేబి చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. బేబి ఒక కాలికి చెప్పు లేదు.

"అమ్మ సమాధి దగ్గర ప్రార్థన చేసుకుందామని వెళ్ళానండీ," అంది జాయిస్ పాస్టరు గారితో. "ఆంటీ కారు దిగి నా దగ్గరికే వచ్చారు, దారి అడగడానికి."

"మావాడికి చీకట్లో కళ్ళు ఆనవమ్మా," అంది బేబి ఆయాసపడుతూ. "లేకపోతే నన్ను వదిలి వెళ్తాడా?"

పాస్టరు గారు గొంతు సవరించుకుని, ప్రధానం మొదలుపెడదామా అన్నారు.

"ఇవాళ వద్దండీ," అంది జాయిస్. కోపంగా కూడా అనలేదు. శాంతికుమార్ వైపు తిరిగింది. "దారంతా ఆవిడ మిమ్మల్ని వెనకేసుకొస్తూనే ఉన్నారు. ఎదురుగా లైటు కనపడ్డప్పుడల్లా, అదుగో మావాడు, నాకోసం వెనక్కొచ్చాడు అని నన్ను ఆపారు. ఎన్ని బళ్ళకి ఆగామో తెలుసా అండీ?"

శాంతికుమార్ నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు.

జాయిస్ వంగి, బేబి కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు తీయడం మొదలుపెట్టింది.