గవ్వల అంచు వీడియో

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మేముండే ఫ్లాటులో వెలుతురు బాగా వచ్చే చోటు ఒక్కటే. హాల్లో కిటికీ పక్కన, కర్ర కుర్చీ దగ్గర. నేను లేసు అల్లుకునేది అక్కడే. కుర్చీ వెనకాల వంటింటి గుమ్మం, ముందు చిన్న బల్ల, బల్ల మీద దారం ఉండ, కొక్కెం మొన ఉన్న లేసు సూది. మా అమ్మాయి జ్యోత్స్న ఆసుపత్రిలో నర్సు. అల్లుడు బెన్నీ వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి ఇంటర్నెట్‌లో ప్రచారం చేసి పెడతాడు. వాళ్ళిద్దరూ బయల్దేరాక ఇల్లంతా నాదే. కొత్త కట్టడం, తెల్లటి గోడలు. భయపడాల్సింది ఏమీ లేని ఇల్లు. ఇంతవరకూ ఇందులో ఎవరూ చనిపోలేదు కూడా.

నాకున్న భయం వేరు. మరిచిపోతానని.

పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం, పాస్టరుగారి భార్య పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, ఇవన్నీ వయసు మీదికి తోసేసి ఊరుకున్నాను. కానీ ఒకరోజు గవ్వల అంచు అల్లుతుంటే మధ్యలో వేళ్ళు ఆగిపోయాయి. దారం ఎటు తిప్పాలో తెలియలేదు. చిన్నప్పటి నుంచీ అల్లుతున్న అంచు అది.

గవ్వల అంచు మా అక్క దీనమ్మది. నర్సాపురంలో మా వీధి ఆడవాళ్ళందరికీ లేసు వచ్చు గాని ఆ అంచు అక్క ఒక్కతే అల్లేది. చిన్న చిన్న గవ్వలు ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టు ఉంటుంది. అక్కది ఎడమచేతి వాటం. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పేది. "అద్దంలో చూసుకున్నట్టు చూడవే మార్తా. నా ఎడమచెయ్యి నీ కుడిచెయ్యి" అనేది. అల్లిన లేసుల్ని కుంకుడు రసంలో ఉతికేది కాబట్టి ఆమె చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. పెళ్ళి కాకముందే జ్వరం వచ్చి చనిపోయింది. తర్వాత ఆ అంచు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నా వేళ్ళలోంచి పోయిందంటే ఇక ఎక్కడా లేనట్టే.

అందుకే బ్లాగు మొదలుపెట్టాను. ఫోనులో తెలుగు కొట్టడం నా అంతట నేనే నేర్చుకుని, ఒక్కో అల్లిక గురించి ఒక్కో వ్యాసం రాశాను. ఎక్కడ దారం బిగించాలి, ఎక్కడ వదలాలి, అంతా కళ్ళకు కట్టేలా. ఒక్కరు చదివితే ఒట్టు.

"అత్తయ్యా, మీరెంత బాగా రాసినా లాభం లేదు" అన్నాడు బెన్నీ ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. "వచ్చినవాళ్ళు రెండు లైన్లు చూసి వెళ్ళిపోతున్నారు. వీడియో పెట్టాలి."

"నేను రాసింది చదివితే అర్థమవుతుంది కదా బాబూ."

"చదవరు. వీడియో ఉంటే నొక్కుతారు. నొక్కితే పేజీలో ఆగుతారు. ఎక్కువసేపు ఆగితే ఈ పేజీలో సరుకుందని సెర్చ్‌కి తెలుస్తుంది. రేపు ఎవరైనా లేసు అని వెతికితే మనల్ని పైన చూపిస్తుంది."

"అంటే నేను రాసింది మంచిదో కాదో దానికి పట్టదా?"

"ఎవరెంతసేపు కూర్చున్నారన్నదే ముఖ్యం అత్తయ్యా."

"మా ఊళ్ళో పాత సంఘపెద్ద కూడా ఇంతే. ప్రసంగం వినేవాడు కాదు, తలకాయలు లెక్కపెట్టుకునేవాడు."

జ్యోత్స్న పగలబడి నవ్వింది. బెన్నీ మాత్రం పట్టు వదల్లేదు. వీడియోని వేరేచోట ఎక్కించి, దాన్ని తెచ్చి నా వ్యాసం మధ్యలో కిటికీలా అతికిస్తాడట. ఎంబెడ్ అంటారట దాన్ని. నాకు ఒళ్ళు మండింది. రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన పేరా నెత్తిన కిటికీ పెట్టడమేమిటి? కానీ ఆ అంచు ఎవరో ఒకరు నేర్చుకోవాలి. నాకున్న వ్యవధి ఎంతో నాకే తెలియదు. సరేనన్నాను.

మర్నాడు ఫోనుని స్టాండుకి బిగించి, వెనక కెమెరా నా వైపు పెట్టి, ముందు కెమెరాలా ఇది ఎడమ కుడి తిప్పి చూపించదని చెప్పి, ఏది నొక్కాలో చూపించి పోయాడు. నేను నొక్కి, కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను. గొలుసు కుట్టు చెప్పాను. మొదటి గవ్వ కూడా చెప్పాను. "ఇప్పుడు దారాన్ని ఇలా..." అన్నాను.

అంతే. వేళ్ళు ఆగిపోయాయి.

ఎదురుగా ఫోను నల్లటి కన్ను తెరుచుకుని చూస్తోంది. సిగ్గేసింది. "కుక్కరు చూసొస్తా" అన్నాను. పొయ్యి మీద కుక్కరే లేదు. వంటింట్లోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడి, గాలిలో వేళ్ళు తిప్పుకుంటూ గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రాలేదు. తర్వాత వచ్చి ఫోను ఆపాను.

"ఆ ఖాళీ ముక్క కత్తిరించేయ్ బాబూ" అని బెన్నీకి చెప్పాను. కత్తిరించలేదు. తీరిక లేక ఉన్నదున్నట్టే అతికించేశాడు. తిట్టాను. నవ్వి ఊరుకున్నాడు.

వారం తిరక్కుండానే జనం రావడం మొదలైంది. బెన్నీ లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"చూడండి అత్తయ్యా, ఈ గీత. ఎవరు ఎంతవరకూ చూశారో చెప్తుంది. మామూలుగా ఇది కిందికి జారుతూ పోతుంది. మీది చూడండి, ఇక్కడ కొండలా లేచింది. అందరూ వెనక్కి జరుపుకుని ఈ ముక్కే మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు."

ఆ ముక్క పెట్టి చూశాను. ఖాళీ కుర్చీ. బల్ల మీద సగం అల్లిన అంచు. వెనక వంటింటి గుమ్మంలో నా వీపు. నా వీపు నేను చూడలేక అక్కడితో ఆపేశాను.

"ఇందులో ఏముందని?" అన్నాను.

"అసలు అల్లికంతా ఆ ముక్కలోనే ఉంది కదా." వ్యాఖ్యలు చూపించాడు. హోసూరు నుంచి వరూధిని అనే ఆవిడ రాసింది. "అమ్మా, చేతులతోనే ఎంత చక్కగా చెప్పారు! ఆ మలుపు దగ్గర మాట అవసరమే రాలేదు. మీ దయవల్ల నాకూ వచ్చింది." కింద ఫొటో పెట్టింది.

గవ్వల అంచు. ఏ లోపమూ లేదు. నాకు రాని మలుపు తర్వాత కూడా, గవ్వ మీద గవ్వ, చివరిదాకా.

ఫొటోని పెద్దది చేసి చూశాను. గవ్వలన్నీ ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. కుడిచేత్తో అల్లితే అటు వాలవు.

"బెన్నీ... ఈ ముక్కలో నీకు ఎవరు కనిపిస్తున్నారు?"

"ఎవరేమిటి? మీరే. కూర్చుని అల్లుతున్నారు. ఎడమచేత్తో కూడా అల్లుతారని నాకు తెలియదు సుమండీ. లేకపోతే కెమెరా తిప్పి చూపిస్తోందేమో."

"వెనక కెమెరా తిప్పదన్నావు కదా?"

"తిప్పకూడదు మరి" అని తల గోక్కున్నాడు. "వెనకాల వంటింట్లో నిలబడింది జ్యోత్స్న కదా?"

"నేనా?" అంది జ్యోత్స్న యూనిఫాం మడతపెడుతూ. "ఆ రోజు నాకు డ్యూటీ ఉంది."

"మరి పక్కింటావిడెవరో అయ్యుంటారులే."

ఆ రోజు మా ఇంటికి ఎవరూ రాలేదు. ఆ మాట అనబోయాను. జ్యోత్స్న నన్ను చూస్తోంది. ఆసుపత్రిలో రోగుల్ని చూసే చూపు అది. "అమ్మా, నీకేం కనిపిస్తోంది?" అంది మెల్లగా. పోయిన నెల నుంచీ జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి వెళ్దామని నా వెంట పడుతోంది. కుర్చీ ఖాళీగా ఉందంటే ఇక అంతే. మందులు, పరీక్షలు, నేను మాట్లాడే ప్రతి మాటకీ ఒక తల ఊపుడు.

"నేనే కనిపిస్తున్నాను" అన్నాను.

ఊరందరికీ కనిపిస్తోంది. ఊరందరికీ వస్తోంది. మా అక్క అంచు నాకొక్కదానికే కనిపించదు! ఆ ఉక్రోషంలో నాకు భయం కూడా గుర్తు రాలేదు. అదే నేను చేసిన పొరపాటు.

గురువారం సాయంత్రం ఒక్కసారిగా వాన పట్టుకుంది. జ్యోత్స్న డ్యూటీలో ఉంది. బెన్నీ ఫోను చేసి, రోడ్డంతా నీళ్ళు, ఎప్పుడొస్తానో తెలియదు, మీరు తినేయండి అన్నాడు. కిటికీ అద్దాల మీద నీళ్ళు పాకుతున్నాయి. ఇల్లంతా తడి సిమెంటు వాసన.

బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను. ఎదురుగా కర్ర కుర్చీలో, సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. తెరలో కుర్చీ, తెర బయట కుర్చీ. చిన్నప్పుడు అక్కా నేనూ కూర్చున్నట్టే, ఎదురుబొదురుగా. కొండలా లేచిన ఆ ముక్క దగ్గరికి జరిపి నొక్కాను.

ఖాళీ కుర్చీ. బల్ల. గుమ్మంలో వీపు.

"నాక్కూడా చూపించక్కా" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

ఏమీ లేదు. మళ్ళీ జరిపాను. మళ్ళీ. నాలో విసుగు పెరిగింది. "ఎవరెవరికో నేర్పుతావు, నాకు నేర్పవా?" అన్నాను ఈసారి గట్టిగా.

తెరలో దారం ఉండ కదిలింది. కొంచెమే. ఎవరో అటువైపు నుంచి దారం లాగినట్టు.

అప్పుడే కరెంటు పోయింది.

మా అపార్ట్‌మెంటులో జనరేటరు వెంటనే అందుకుంటుంది. ఆ రోజు అందుకోలేదు. తడుముకుంటూ వెళ్ళి గుమ్మం పక్కనున్న ఇంటర్‌కమ్ ఫోనులో వాచ్‌మన్ వెంకటగిరియప్పకి చేశాను.

"డీజిల్ పోస్తా ఉండామమ్మా, వానకి కొంచెం లేటవతాది. మీరు కూర్చోండి, ఆమెను కూడా భయపడొద్దని చెప్పండి" అన్నాడు.

"ఎవరిని?"

"మీ జతలో ఉండాదే, కిటికీ కాడ. కింద నుంచి చూస్తా ఉండా కదా."

ఫోను పెట్టేశాను. వెనక్కి తిరిగాను.

చీకట్లో లాప్‌టాప్ తెర ఒక్కటే వెలుగుతోంది. నెట్టు పోయింది. వీడియో ఆగిపోయి, మధ్యలో గుండ్రటి చక్రం తిరుగుతోంది. బొమ్మ కదలడం లేదు. వచ్చి కూర్చున్నాను. ఎక్కడికి పోతాను? మెట్ల మీద కూడా చీకటే.

చప్పుడు...

వీడియో ఆగింది. చప్పుడు ఆగలేదు. సూది దారంలోకి దూరి, కొక్కెం దారాన్ని పట్టుకుని బయటికి లాగే చప్పుడు. సన్నగా. సర్... సర్... సర్...

కుంకుడు వాసన వచ్చింది. తడి చేతుల వాసన.

లాప్‌టాప్ మీద చెవి పెట్టాను. అందులోంచి కాదు.

సర్... సర్...

దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా. కింది నుంచి... నా ఒళ్ళోంచి.

చూడకూడదనుకున్నాను. చూశాను.

నా కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా పడుంది, ఎవరిదో చెయ్యిలాగా. ఎడమచెయ్యి అల్లుతోంది. తడబాటు లేదు. నేను ఆపమన్నాను. అది ఆగలేదు...

"అక్కా, చాలు..."

చెవి పక్కన ఊపిరి. "ఇంకొక్క గవ్వే మార్తా."

లైట్లు వచ్చాయి. ఒళ్ళో జానెడు అంచు ఉంది. గవ్వలన్నీ అటువైపుకి వాలి ఉన్నాయి.

ఆ రోజు నుంచీ నా కుడిచేతికి లేసు రాదు. గవ్వల అంచే కాదు, గొలుసు కుట్టు కూడా రాదు. సూది పడితే చెంచా పట్టుకున్నట్టు ఉంటుంది. ఎడమచేతికి అన్నీ వచ్చు. నేనెప్పుడూ నేర్చుకోనివి కూడా.

వీడియో తీసేయమని బెన్నీని అడిగాను.

"తీసేయడమా? లేసు అని కొడితే మన పేజీ మొదట వస్తోంది అత్తయ్యా! దానికోసమే కదా ఇంత పాటుపడ్డాం!"

"నా మాట విను బాబూ. అది మంచిది కాదు."

"ఏం మంచిది కాదు?"

ఏమని చెప్పను? జ్యోత్స్న గుమ్మంలో నిలబడి వింటోంది. బెన్నీ వెళ్ళాక నేనే తీయబోయాను. ఎక్కడ నొక్కాలో నాకు తెలియలేదు. అతను చెప్పే ఉంటాడు, నేను మరిచిపోయి ఉంటాను.

నిన్న వరూధిని మళ్ళీ రాసింది. "అమ్మా, ఒక చిన్న సందేహం. నాది కుడిచేతి వాటం. మీ వీడియో చూసినప్పటి నుంచీ సూది ఎడమచేతికే పోతోంది. ఇప్పుడు గరిటె కూడా. మీకూ ఇలాగే మొదలైందా?" దాని కింద ఇంకెవరో "నాక్కూడా" అన్నారు. దాని కింద ఇంకొకరు.

జవాబు రాద్దామని కూర్చున్నాను. రాసేముందు ఆ వీడియో ఒక్కసారైనా చివరిదాకా చూడాలనిపించింది. నా వీపు చూడలేక ఇన్నాళ్ళూ మధ్యలోనే ఆపేసేదాన్ని. ఈసారి పళ్ళ బిగువున చూశాను.

ఖాళీ కుర్చీ చాలాసేపు ఖాళీగానే ఉంది. వంటింటి గుమ్మంలో నేను, గోడ వైపు తిరిగి, గాలిలో వేళ్ళు తిప్పుకుంటూ. వచ్చి ఫోను ఆపింది నేనేనని నాకు బాగా గుర్తు. ఆ చోటు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

చివర్లో కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. ఒక చెయ్యి ముందుకొచ్చి తెరని కమ్మేసింది. ఎడమచెయ్యి. వేళ్ళ సందుల్లో తెల్లటి కుంకుడు నురగ.

ఆ వేళ్ళ మధ్య నుంచి, తెర నల్లబడే ముందు, వంటింటి గుమ్మం ఒక్క క్షణం కనిపించింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఇటు తిరగనేలేదు.