పంతొమ్మిది అంగల అవతల

హాజెల్‌రీట్ జనాభా తొంభై మూడు. ఆవుల్ని కూడా లెక్కేస్తే నాలుగొందలు దాటుతుందని సర్పంచి ఒటీలియా ప్రతి మీటింగులోనూ అంటుంది. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, ఒక వాగు, ఒక చర్చి, ఫైరింజను పెట్టుకునే ఒక షెడ్డు. ఆ షెడ్డు పైగదిలోనే పంచాయతీ. చుట్టుపక్కల ఊళ్లన్నీ పాతికేళ్ల కిందటే మెర్లాఖ్ పట్టణంలో కలిసిపోయాయి. హాజెల్‌రీట్ మాత్రం మొండికేసి కూర్చుంది. పై అడవిలో సొంత ఊట ఉంది కాబట్టి దాని మొండితనం చెల్లింది.

ఇప్పుడా ఊట తమదేనని మెర్లాఖ్ వాళ్లు పేచీ పెట్టారు. పాత పటాలు యుద్ధంలో తగలబడ్డాయి. ఇక మిగిలింది ఊట పక్కనున్న హద్దురాయి ఒక్కటే. రేపు ఉదయం ప్రభుత్వ సర్వేయరు వచ్చి దాన్ని చూస్తాడు. రాయి తేడా వచ్చిందా, ఊట పోతుంది. ఊట పోతే పంచాయతీ పోతుంది, మెల్లగా ఊరి పేరూ పోతుంది.

హద్దురాళ్ల బాగోగులు చూసేది ఊళ్లో ఏడుగురు. ఒకసారి ప్రమాణం చేశారంటే చచ్చేదాకా అదే పని. రాయి కింద ఏవో గురుతులు పాతిపెడతారు. అవేమిటో, ఎలా పేరుస్తారో ఆ ఏడుగురికే ఎరుక. కాగితం మీద పెట్టరు, పెళ్లాం అడిగినా చెప్పరు. ఆ ఏడుగురిలో ఒకరు రాయి దగ్గర నిలబడి హద్దు ఫలానా చోట అన్నారంటే అదే హద్దు. కోర్టువాళ్లు కూడా కాదనరు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ పని చేసిన వెండెలిన్ మొన్న వసంతంలో పోయాడు. ఆయన చోట్లోకి కూతురు గెర్లిండ్‌ను తీసుకున్నారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పాలకేంద్రంలో ఉద్యోగం, ఒంటి బతుకు. ఆడమనిషికి హద్దుల గుట్టు చెప్పడమేమిటని కొందరు గొణిగారు. "మీకంటే నోరు కట్టుకోగలను, బెంగపడకండి" అని ఆమె అందరి ముందే అంది.

సర్వే ముందురోజు ఏడుగురిలో పెద్దవాడూ, కొత్తవాళ్లూ వెళ్లి రాయి మీద నాచు గీకి రావాలి. అది ఆనవాయితీ. అందుకే ఆ నవంబరు మధ్యాహ్నం గెర్లిండ్ ఇనుప బ్రష్షు పట్టుకుని, పెద్దవాడైన అంబ్రోస్ వెనకాల అడవిదారి ఎక్కింది. ఆయనకు ఎనభై ఒకటి. నాన్నకు ప్రాణస్నేహితుడు.

"మెల్లగా నడువు బాబాయ్. రాయి ఎక్కడికీ పారిపోదు."

"నీకేం తెలుసు?" అన్నాడు అంబ్రోస్. నవ్వలేదు.

ఊట దగ్గరికి చేరేసరికి పొగమంచు దిగింది. మూడున్నరకే చీకటి పడ్డట్టయింది. తడి ఆకుల కుళ్లు వాసన, రాళ్ల సందుల్లో నీళ్ల గలగల. గెర్లిండ్ మోకాళ్ల మీద కూర్చుని నాచు గీకింది. ఒక పక్క హాజెల్‌రీట్ గుర్తు, గొర్రు బొమ్మ, బయటపడింది. రెండో పక్క మెర్లాఖ్ తాళంచెవి. చేతులు కొంకర్లు పోతున్నా ఆమెకు లోపల్లోపల గర్వంగానే ఉంది.

అప్పుడు నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

ఊట పారుతూనే ఉంది. కళ్ల ముందే పారుతోంది. చప్పుడే లేదు...

మంచు అవతల ఎవరో నడుస్తున్నారు. బరువు మోసే మనిషి నడక. ఒక అడుగు, ఒక మూలుగు. మళ్లీ ఒక అడుగు. కాలిన రాతి మీద నీళ్లు చల్లినట్టు ఒక వాసన గుప్పుమంది.

"ఎక్కడ... పెట్టను?"

గెర్లిండ్ చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలందరికీ ఈ మాట తెలుసు. మంచులో ఎవరైనా అలా అడిగితే పలక్కుండా ఇంటికొచ్చెయ్యమని తల్లులు చెబుతారు. హద్దు జరిపినవాడు చచ్చాక ఆ రాయి మోస్తూ తిరుగుతాడట. ఎత్తినచోటే పెట్టమని ఎవరైనా చెబితే వాడికి విముక్తి. ఇవన్నీ గెర్లిండ్ ఏనాడూ నమ్మలేదు. ఆమెను వణికించింది ఆ మాట కాదు. ఆ గొంతు.

"నాన్న..." అంది.

అంబ్రోస్ ఆమె నోరు మూసేశాడు. 

"పలక్కు. నీ కాళ్లు పట్టుకుంటా, పలక్కు."

"నాన్నే బాబాయ్! నాన్న ఎందుకు మోస్తాడు?"

ఆయన ఆమె చెవి దగ్గర గుసగుసలాడాడు. "ముప్ఫై ఏళ్ల కిందటి ఆ కరువేడు ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి. ఊట అప్పుడు మెర్లాఖ్ వైపుండేది. మీ నాన్న ఒక్కడే రాయి ఎత్తి, ఊట దాటించి ఇక్కడ పెట్టాడు, కింద గురుతులతో సహా. పంతొమ్మిది అంగలు. మేం ఆరుగురం చూసీ చూడనట్టు ఊరుకున్నాం."

"ఎత్తినచోటే పెట్టమంటే?"

"పొద్దునకి రాయి అక్కడుంటుంది. నీళ్లూ ఊరూ పోతాయి. నువ్వు ఏడుగురిలో ఒకదానివే అమ్మాయ్. నీ నోట వచ్చిందే హద్దు."

"ఊరుకుంటే?"

అంబ్రోస్ ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

అడుగు... మూలుగు... అడుగు. మంచులో ఒక వంగిన ఆకారం. భుజం మీద ఏదో నిప్పుకణికలా ఎర్రగా మండుతోంది. చివరి రోజుల్లో మంచం మీద నొప్పికి పళ్లు బిగబట్టి నాన్న ఇలాగే మూలిగేవాడు. మాత్ర ఇస్తే కాస్త తగ్గేది. ఇప్పుడు ఏం ఇవ్వాలి? గెర్లిండ్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఊరు కావాలి, నాన్నా కావాలి. ఒకరిని ఎలా వదులుకోవడం?

"ఎక్కడ పెట్టనే... అమ్మాయ్..."

అంబ్రోస్ చెయ్యి విదిలించుకుని లేచింది.

"మనింటికి తీసుకుపో నాన్నా. మనింట్లో పెట్టెయ్."

మూలుగు ఆగింది.

"ఎంత పని చేశావే!" అన్నాడు అంబ్రోస్. 

అడుగులు వాళ్ల పక్కనుంచే కిందికి, ఊరివైపు సాగిపోయాయి. ఇప్పుడు తొందరగా... ఇంటిదారి పట్టిన మనిషిలా. వేడి గాలి గెర్లిండ్ చెంపకు తగిలింది. ఆ తర్వాత ఊట మళ్లీ గలగలమంది.

ఆ రాత్రి ఆమె ఇంటికి పోలేదు. అంబ్రోస్ వంటగదిలో కుర్చీలోనే కూర్చుంది. 

తెల్లారి సర్వేయరు వచ్చాడు. రాయి ఉన్నచోటే ఉంది. రాయి ఎత్తేటప్పుడు ఆయనా, మెర్లాఖ్ పెద్దలూ పద్ధతి ప్రకారం వీపు తిప్పి నిలబడ్డారు. ఏడుగురూ వంగి చూశారు. గురుతులు చెక్కుచెదరలేదు. సర్వేయరు సంతకం పెట్టాడు. ఊట హాజెల్‌రీట్‌దే.

ఒటీలియా అందరి ముందే గెర్లిండ్‌ను కావలించుకుంది. "మీ నాన్న చూసుంటే పొంగిపోయేవాడే!" షెడ్డు ముందు బీరు పీపా తెరిచారు, సాసేజీలు కాల్చారు. గెర్లిండ్ రెండు గ్లాసులు తాగింది, కాస్త నవ్వింది కూడా. నిన్నటిదంతా భ్రమేమో అనుకోగలిగింది. చీకటి పడకముందే ఇంటికి బయల్దేరింది.

తలుపు తియ్యగానే ఇల్లు వెచ్చగా తగిలింది. నిన్న పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించనే లేదు.

వంటగదికీ నాన్న పడుకునే గదికీ మధ్య నడవాలో ఇంకో హద్దురాయి పాతి ఉంది. చెక్కనేల ఎక్కడా పగల్లేదు. రెండొందల ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు, దాని మొదట్లో నాచు కూడా పట్టి ఉంది. ఇటువైపు గొర్రు బొమ్మ. ఆమె గోడ పట్టుకుని, మెడ చాచి అటువైపు చూసింది. అక్కడా ఒక గుర్తుంది. ఈ జిల్లాలో ప్రతి ఊరి గుర్తూ ఆమెకు కంఠతా వచ్చు. అది బతికున్నవాళ్ల ఊరు ఏదానిదీ కాదు.

నాన్న గది తలుపు తెరిచి ఉంది. లోపల చీకటి. ఆ గది ఎంత... పది అడుగులుంటుంది. కానీ అడుగుల చప్పుడు ఎక్కడో చాలా దూరం నుంచి వస్తోంది. ఎవరో అంగలేసి కొలుస్తున్నారు. పైకి లెక్కపెడుతున్నారు.

"...నాలుగొందల ఏడు. నాలుగొందల ఎనిమిది."

నాన్న గొంతు. మూలుగు లేదు. బరువు దించుకున్న మనిషి గొంతు. ఆ గొంతులోని చల్లటి సంతోషానికి గెర్లిండ్ కళ్లు నిండాయి.

అడుగులు దగ్గరికొచ్చాయి. రాయికి అవతల ఆగాయి.

"మా వైపు కొలిచేశామే అమ్మాయ్," అన్నాడు నాన్న. "ఇక నీ వైపు మిగిలింది. కొలుచుకుంటూ రా."

ఆమె వంటగది గుమ్మం రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. కదల్లేదు. ఊపిరి కూడా తియ్యలేదు. పెదవులు బిగించి ఉంచింది.

"ఒకటి," అని వినిపించింది.

గొంతు ఆమెదే. వచ్చింది మాత్రం రాయి అవతలి నుంచి.