గీతలున్న బొటనవేలు

"రెండు చావులు, వినోదా. రికార్డులో ఒక్కటీ లేదు."

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు వెనక గది. చీఫ్ కృష్ణమోహన్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఏజెంట్ వినోద నిలబడే వింటోంది.

"బీడీలు చుట్టేవాళ్ల ఊపిరితిత్తుల జబ్బు మీద క్లినికల్ ట్రయల్. ఎవరికి రిస్క్ ఎక్కువ, మందు ఎంత పనిచేస్తోంది, పైకి ఇదీ కథ. వెనక ఉన్నది విదేశీ ముఠా. చావు లేని రిపోర్టు చూపించి మందు అమ్ముకోవాలి. మాచారెడ్డిలో మూడో ఇంజెక్షన్ పడిన వారంలోనే ఇద్దరు ఆడవాళ్లు పోయారు. దానికి ముందే వాళ్లు ట్రయల్ వద్దని రాసిచ్చి తప్పుకున్నారంటోంది కంపెనీ. ఆ ఫారాల మీద వేలిముద్రలున్నాయి."

"దొంగవైతే?"

"రుజువు లేనిదే క్యాంపు ఆపలేం. ఈరోజు పదకొండుకు ఎల్లారెడ్డిలో నలభై మందికి అదే మూడో ఇంజెక్షన్. ఫారాలూ అక్కడే. లోపల మన ఏజెంట్ తార ఉంది. అంతా సక్రమమేనని రిపోర్టు పంపింది."

"ఆరు నెలల్లో ఆమెకు ఒక్క తప్పూ కనబడలేదా సర్?"

చీఫ్ క్యాంపు అడ్రసు చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

10:40. ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్. వినోద ఒంటి మీద వెలిసిన చీర, చంకలో బీడీల చాట. చేతి గాజులో అలారం. నొక్కితే బయట అంబులెన్సులో మఫ్టీలో ఉన్న ఎస్సై భూమేశ్‌కు మోగుతుంది. వరసలో ఆమె ముందు రాజంపేట లింగవ్వ దగ్గుతూ కూర్చుంది.

"బీడీలు చేస్తవా బిడ్డా? చాట గింత కొత్తగున్నదేంది?"

"పాతది పలిగింది అవ్వా." వినోద చాటను కొంగు కిందికి జరుపుకుంది.

టేబుల్ దగ్గర తార. నెత్తి మీదికి తోసిన నల్ల కళ్లద్దాలు, తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్. కుడిచేతికి మాత్రం గ్లవ్.

"ఆకు తడిసిందా మేడం?" వినోద దగ్గరికెళ్లి కోడ్ పలికింది.

"కత్తిరించుడే తక్కువ." తార జవాబు కోడ్ చెప్పి, నవ్వి, చనిపోయినవాళ్ల ఫైలు ముందుకు తోసింది. "చూసుకో. నాకేం దాపరికం లేదు."

అడగకముందే ఈ మాట ఎందుకు?

ఫారాలు రెండు. ముద్రలు రెండు. గీతలు లెక్కపెట్టేంత స్పష్టం. తప్పేమీ కనబడలేదు.

పక్కన లింగవ్వ సూదికి ఒప్పుకుంటూ వేలిముద్ర వేసింది. కాగితం మీద నల్లటి మరక పడింది. నర్సు మళ్లీ వేయించింది. మళ్లీ మరకే.

"ఎన్నిమాట్ల ఏసినా గంతే బిడ్డా. ముప్పై ఏండ్లసంది ఆకు చుట్టి చుట్టి గీతలన్ని అరిగినయ్. రేషన్ మిషన్ల గూడ వేలు పడది, కన్ను చూపెడుతున్న."

"మా అందరియి గంతేనాయె," అని వరసంతా నవ్వింది.

వినోద నవ్వలేదు. చనిపోయిన ఇద్దరూ జీవితమంతా బీడీలు చుట్టినవాళ్లే. మరి ఈ గీతలు ఎవరివి? మళ్లీ చూసింది. రెండు ముద్రల్లోనూ ఒకే చోట ఒకే కోత మచ్చ. ఆమె చూపు తార గ్లవ్ మీదికి వెళ్లింది. గాజు నొక్కింది.

"మోగదు," తార మెల్లగా అంది. "సిగ్నల్ అందకుండా జామర్ పెట్టించాను. కూర్చో, నీ వంతూ వస్తుంది."

10:59. నర్సు లింగవ్వ జబ్బ మీద దూది రుద్ది సూది ఎత్తింది.

వినోద చాట విసిరింది. సిరంజి ఎగిరి గోడకు తగిలింది.

"సూది ఏయించుకోకుండ్రి! మాచారెడ్డిల ఇద్దరు సచ్చింది గీ సూదికే! ఆల్ల పేరు మీద వేలిముద్రలు ఏసింది గీమెనే!"

నలభై మంది ఒక్కసారి లేచి అరిచారు. ఆ అరుపులకు జామర్ లేదు. భూమేశ్ తలుపు తోసుకొచ్చేసరికి తార చెయ్యి లింగవ్వ పట్టులో ఉంది. ముసలామె గ్లవ్ లాగేసి, ఆ బొటనవేలిని ఇంకు ప్యాడ్ మీద అదిమింది.

"ఏయి తల్లీ, నీది మంచిగ పడతది."

పడింది. కోత మచ్చతో సహా.

భూమేశ్ జామర్ ఆపించాక చీఫ్ ఫోన్ చేశాడు. తార చెప్పిన హైదరాబాద్ హోటల్లోనే ముఠా దొరికింది. శభాష్ అన్నాడు. వినోద ఫోన్ పెట్టేసి చూస్తే లింగవ్వ ఇంకా అక్కడే ఉంది, దగ్గుతూ.

"గీ సూదైతె ఆపినవ్ బిడ్డా. మరి నా దగ్గుకు మందు ఎవలిస్తరు?"

అరగంట తర్వాత ఏజెంట్ వినోద, లింగవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చిట్టీల లైన్లో నిలబడింది. ముందు అరవై ముగ్గురు. అక్కడ ఏ మారువేషమూ పనికిరాలేదు.