ఆపమన్న మాట

కుక్కర్ మూత మీద ఆవిరి ఎగిసినప్పుడల్లా మొగిలి ఒక్కో వేలు మడిచాడు. మూడో వేలు మడిచి, పెరట్లో బట్టలు ఆరేస్తున్న భార్య వైపు తిరిగాడు.

"మూడైనయి. పొయ్యి బంజేయాల్నా?"

సమ్మమ్మ తలూపింది. ఆమె చెవితో లెక్కపెట్టిన కూతల్ని అతను కంటితో లెక్కపెట్టాడు. తేడా ఎవరికీ తెలియలేదని ఆ పూటకు ఊపిరి పీల్చుకున్నాడు.

రెండేళ్ళుగా అతనికి వినికిడి తగ్గుతూ వచ్చింది. మొన్నటి ఎండాకాలం తర్వాత దాదాపు పూర్తిగా పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాటను పట్టుకుంటాడు. దొరక్కపోతే "ఆఁ, సరే" అంటాడు. సరే అన్న తర్వాత దేనికి సరే అన్నాడో తెలియక పూటంతా బెంగగా తిరుగుతాడు. మొగిలి ముసలితనంలో ముభావంగా మారాడని చుట్టాలు అనుకున్నారు. అది అతనికి సుఖంగానే ఉంది. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడని ముప్పై ఐదేళ్ళుగా పేరున్న మేస్త్రీ అతను. చెవులు పోయాయని తెలిసిన రోజున తనను షెడ్డులోంచి లేపి ఇంట్లో కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీ అతనికి కలలో కూడా కనబడుతోంది.

మడికొండలో ఇంటిని ఆనుకునే షెడ్డు ఉంది. కూతురు తిరుమల ఇంజనీరింగ్ చదివి, తండ్రితోపాటు అక్కడే పనిచేస్తోంది. ఐటీ పార్కులో ఉద్యోగం చేసే భానుచందర్ తన రేసు కారును ఆమెకు అప్పగించాడు. దాని ఇంజిన్‌కు బయట కంపెనీ చేసిన కొత్త క్యామ్ షాఫ్టులు ఎక్కించాలి. వాటి బొడిపెలు పాతవాటికంటే ఎత్తు. వాల్వుల్ని మరింత లోతుకు నొక్కి, మరింతసేపు తెరిచి ఉంచుతాయి. ఇంజిన్ నిండుగా గాలి పీల్చుకుంటుంది. లెక్క తప్పితే మాత్రం కిందికి దిగే వాల్వూ పైకి వచ్చే పిస్టనూ ఢీకొంటాయి.

"కంపెనీ ఇచ్చినదాన్ని గెలుకుడెందుకు బిడ్డా?" అని మొదటిరోజు అన్నాడు మొగిలి. లోపల మాత్రం మురిసిపోయాడు. అలాంటి పని అతను ఎన్నడూ చేయలేదు.

ఆ ఉదయం తిరుమల ఇంజిన్ మీదికి వంగి, వాల్వు కదలికను కొలిచే డయల్ గేజీ బిగించింది. మొగిలి ముందుచక్రం విప్పిన సందులో కూర్చుని, పొడుగు పానాతో ఇంజిన్ ఇరుసైన క్రాంకును కొంచెం కొంచెంగా తిప్పాలి.

"మెల్లగ తిప్పు బాపు. నేను ఆపు అంటే ఆపాలె, ఇంటాన్నవా?"

పెదాలు కనిపించాయి. "ఆఁ, సరే."

కానీ సందులోకి దిగాక అతనికి పుల్లీ తప్ప ఇంకేమీ కనబడలేదు. తిప్పాడు. పానా బరువెక్కింది. వాల్వుల కొత్త స్ప్రింగులు గట్టివని ఉదయమే చేత్తో నొక్కి చూశాడు, అదే అనుకున్నాడు. బలంగా లాగాడు. చేతిలో ఏదో మెత్తగా ఓడిపోయినట్టు తెలిసింది. మరుక్షణం తిరుమల అతని భుజం పట్టి వెనక్కి గుంజింది.

"మూడుసార్లు మొత్తుకున్న! ఆపు, ఆపు, ఆపు అని!"

వాల్వు వంగిపోయింది.

కేకలకు సమ్మమ్మ పరుగున వచ్చింది. తిరుమల ముఖం ఎర్రగా కందిపోయింది.

"నీకు మొదటి సంది ఇష్టం లేదు గదా బాపు? ఆడిపిల్ల చెప్తే ఆపుడేందనుకున్నవు. కావాల్ననే చేసినవ్ గదా?"

మొగిలి ఆ పెదాల్ని పూర్తిగా చదివాడు. ఈసారి ఒక్క మాట కూడా తప్పిపోలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాంతోపాటే కుర్చీ కూడా వచ్చింది. జాలి కంటే కోపాన్ని భరించడం తేలికనిపించింది.

"అవును. నాకిష్టం లేదు. నీ మాట నేనెందుకినాలె?"

సమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిరుమల అతని చేతిలోని పానా లాక్కుంది.

"అయితే ఇగ షెడ్డుల అడుగువెట్టకు."

నాలుగు రోజులు ఎవరూ కూర్చోబెట్టకుండానే అతను కుర్చీలో కూర్చున్నాడు. సమ్మమ్మ అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మాట్లాడిందేమో కూడా అతనికి తెలియదు. కూతురి దృష్టిలో తనను తానే దుర్మార్గుణ్ణి చేసుకున్నాడు, తన గౌరవం కాపాడుకోవడానికి. ఆ గౌరవాన్ని చూసేవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు.

అయిదోరోజు మధ్యాహ్నం పాదాల కింద బండలు అదిరాయి. తిరుమల కొత్త వాల్వు వేసినట్టుంది, ఇంజిన్ నడుస్తోంది. కాసేపటికి ఆగింది. మళ్ళీ అదిరింది, మళ్ళీ ఆగింది. ఆరోసారి ఆగినప్పుడు మొగిలి లేచి షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. తిరుమల నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"టక్‌టక్‌మంటాంది," అంది తలెత్తి. "వాల్వుల సందు మూడుసార్లు కొలిచిన. అన్నీ కరెక్టే. పొద్దుగూకంగ భానుచందర్ వస్తడు. మళ్ళ మొత్తం ఇప్పాల్నేమో."

"స్టార్ట్ చెయ్యి."

ఆమె చేసింది. అతను పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొన ఇంజిన్ తలకు ఆనించాడు. పిడిని చెవికి పెట్టుకోలేదు, పండ్లతో కరిచిపట్టాడు. అదురు దవడలోంచి పుర్రెలోకి ఎక్కింది. ఒక్కో వాల్వు దగ్గరా ఆగాడు. దెబ్బ ఎక్కడా లేదు. కొత్త క్యాములు నున్నగా తిరుగుతున్నాయి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, పొగ బయటికి పోయే గొట్టం అతుకుల వెంట అరచేతిని తాకించకుండా జరిపాడు. మూడో అతుకు దగ్గర వేడిగాలి చిన్నచిన్న దెబ్బలుగా అరచేతికి తగిలింది.

"క్యాము కాదు బిడ్డా! ఈడ గాలి పోతాంది. నట్టు వదులుంది, గంతే!"

సంబరంగా వెనక్కి తిరిగాడు. అతని మడమల దగ్గరే స్టీలు పళ్ళెం బోర్లాపడి ఉంది. పానాలు, నట్లు షెడ్డంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అవెప్పుడు పడ్డాయో అతనికి తెలియదు. తిరుమల ఖాళీ చేతులతో నిలబడి ఉంది. పళ్ళెం ఆమె చేయి జారి పడలేదు. అతనికి వినబడుతుందో లేదో చూడాలని విసిరికొట్టింది.

ఆమె ఇంజిన్ ఆపి, అతని ముఖానికి ఎదురుగా వచ్చింది. పెదాలు వణుకుతుంటే అక్షరాలు చెదిరిపోయాయి. అయినా అతను చదివాడు.

"ఎప్పటి సంది?"

మొగిలి తల దించుకున్నాడు. ఆమె అతని గడ్డం పట్టి పైకెత్తింది.

"ఇనవడ్తలేదని చెప్తె ఏమైతుండె బాపు? నేను నిన్ను ఎన్ని మాటలన్న..."

"నువ్వు నన్ను లేపి కూసోవెడ్తవని. పని లేకపోతే నేనేంది బిడ్డా?"

"ఇప్పుడు ఈ రోగం చెప్పిందెవరు మరి? నాకు రెండు చెవులున్నయి, ఏం జేసినయి?"

ఏడుస్తూనే అతని నూనెచేతుల్ని తన ముఖానికి అదుముకుంది. దవాఖానకు రేపే పోదామంది. సరేనన్నాడు. ఈసారి దేనికి సరే అన్నాడో అతనికి తెలుసు. ఆపైన వంగి, గొంతు బాగా తగ్గించి రహస్యంగా చెప్పాడు.

"మీ అమ్మకు మాత్రం చెప్పకు. ఊకెనే ఫికర్ చేస్తది."

తిరుమల కళ్ళలో నీళ్ళతోనే పకపకా నవ్వింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఆమె చూపు వెంట గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ సమ్మమ్మ నిలబడి ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నాలుగడుగులు వేసి అతనికి ఎదురుగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నీ గుసగుస వాడకట్టంత ఇన్నదయ్యా."