అంతరిక్షనౌక నోటుబుక్కు

ఆదివారం మధ్యాహ్నం సిరొంచలో ప్రైవేట్ డిటెక్టివ్ కృష్ణకాంత్ గదిలోకి టీచర్ అరుణశ్రీ పరుగున వచ్చింది.

"సార్, నా నోటుబుక్కు ఎవరో తీసిండ్రు. మూడేండ్లు రాసిన ఆట అది. ఇంకో కాపీ లేదు."

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఆడేవాళ్లు అంతరిక్షనౌక సిబ్బందిలా మాట్లాడుతూ, పాచికలు వేసి ఆపదలు దాటుతారు. ముందు జరగబోయేది అరుణశ్రీ నోటుబుక్కులో రాసుకుని నడిపిస్తుంది.

"పోయిన వారం ఏడ ఆపిండ్రు?"

"ఓడ వలయాల గ్రహం నుంచి బయలెల్లింది. ఇగ ఎటు పోతదో నాకు తప్ప ఎవ్వలకు తెల్వదు. ఇయ్యాల నేను ఛాయ్ పెట్టి వచ్చేసరికి పుస్తకం లేదు. ఇంట్ల నాతోని ఆడే ఆ ముగ్గురే ఉన్నరు."

కృష్ణకాంత్ సహాయకురాలు శీతల్‌తో ఆ ఇంటికి వెళ్లాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. అరుణశ్రీ ఛాయ్ పెడుతున్న కాసేపట్లో ప్రతి ఒక్కరూ కొంతసేపు గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లే.

"సంచులు వెతుకుదామా సార్?" అంది శీతల్.

"వద్దు. ముందు మాట్లాడదాం."

మొదట మొబైల్ షాపు సచిన్.

"పేజీల ఫోటోలు తీస్తానన్నవట?"

"అడిగిన సార్. అక్క వద్దన్నది, ఊకున్న."

శీతల్ తన కాగితం మీద అతని పేరు కింద అనుమానంగా గీత గీసింది.

తర్వాత బామ్ని ఊరి జీపు డ్రైవర్ భీము.

"బయటికెందుకు పోయినవ్?"

"ఫోన్ మాట్లాడనీకి."

"ఎవరితోని?"

భీము చెవులు ఎర్రబడ్డాయి. "అది జెప్ప సార్."

శీతల్ రెండు గీతలు గీసింది.

చివరికి నర్సు శోభ. "కెప్టెన్ పాత్ర మా ఆయన ప్రకాష్‌ది. పోయిన వానకాలం జబ్బుచేసి పోయిండు. అప్పటి సంది ఆ పాత్ర నేనే ఆడుతున్న."

"పుస్తకం దొరకకపోతే?"

"ఏమైతది సార్? ఓడ ఆ మంచు గ్రహం మీద దిగకపోతే లోకం మునుగుతదా?"

కృష్ణకాంత్ అందరినీ బల్ల దగ్గరికి పిలిచాడు.

"భీమే కదా సార్?" శీతల్ గుసగుసలాడింది.

"భీముది పెండ్లి ముచ్చట, పిల్లతోని మాట్లాడిండు. ఆ చెవులు చూడలేదా?" అని అతను శోభ వైపు తిరిగాడు. "ఓడ ఎటు పోతదో టీచరమ్మకే ఎరుక. మంచు గ్రహమని నీకెట్ల తెలిసిందమ్మా?"

శోభ తన సంచిలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్క లోపలికి పోయినంక తెరిచి చూసిన. ఆ గ్రహం మీద కెప్టెన్ సచ్చిపోతడని ఉన్నది. ఒక్కసారి సచ్చిండు గదా సార్. మల్లా చూడలేక దాచిన."

అరుణశ్రీ కళ్లు తుడుచుకుంది. "నీ దుఃఖం దించుదామనే అట్ల రాసిన శోభా. ఆయన్ని మంచిగ సాగనంపుదామనుకున్న. నిన్ను అడగాల్సింది." కలం ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే రాయి."

శోభ ఆఖరి పేజీ తెరిచింది. కలం కాగితం మీద ఆన్చింది కానీ కెప్టెన్ చావును కొట్టివేయలేదు.

"సాగనంపుతనక్కా. గని ఇంకొక్క ఆదివారం ఆగు" అంది.