ఉత్తరం వైపు గోలు

"గోలు పోయిందమ్మా!"

మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషి ముందు ఆ మాట అనేసి, తర్వాత గుమ్మానికి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. గడియారాలు బాగుచేసే కొట్టు మీద ఉన్న చిన్న గది అది. అప్పుడే తొమ్మిదవుతోంది. కింద కొట్టులోని గడియారాలు ఒకదాన్నొకటి నమ్మవు కాబట్టి ఆ తొమ్మిది కొట్టడం పూర్తవడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతవరకూ వదిన ఓపిగ్గా ఆగింది.

"గోలు కొట్టారంటే విన్నాను. పోవడమేమిటి?"

"ఎత్తుకుపోయారమ్మా! రెండు స్తంభాలు, పైనుండే అడ్డగొట్టం, మొత్తం!"

పక్క బల్ల దగ్గర కూర్చున్న మరిది చేతిలోని పెన్ను జారిపోయింది. వచ్చినాయన ఎవరో అతనికి బాగా తెలుసు. చెప్పుల కొట్టు యజమాని, ఊరి ఫుట్‌బాల్ జట్టుకు అధ్యక్షుడు. మరిది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. నలభై ఏళ్లు దగ్గర పడుతున్నా, జట్టు ఓడిన రోజున అన్నం సరిగా తినడు. వదిన పాతికేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి, ఆ ఉద్యోగం చాలనుకుని ఈ నేర పరిశోధన సంస్థ పెట్టినప్పుడు, బ్యాంకులో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకుని ఆమె దగ్గర చేరాడు. అందుకు అతనెప్పుడూ విచారించలేదు. అతని అన్న మాత్రం అప్పుడప్పుడూ విచారిస్తుంటాడు.

"మొదటినుంచీ చెప్పండి," అంది వదిన.

"లీగులో ఇప్పటివరకూ పన్నెండు జట్లమ్మా. వచ్చే ఏడు పదహారు చేస్తున్నారు. మూడు చోట్లు పెద్ద నగరాలు తన్నుకుపోయాయి. ఉన్నది ఒక్కటే. మేమాడే చిన్న లీగును ఈ ఏటితో మూసేస్తున్నారు. పైకి వెళ్లామా బతికాం, లేదా లేము. ఇవాళ నాలుగింటికి లీగు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి గ్రౌండు కొలుస్తుంది. ఒంటి గోలు గ్రౌండు చూపిస్తే నవ్విపోతుంది."

"మీరు లేకపోతే ఆ చోటు ఎవరికి?"

"నగరం నుంచి మధ్యవర్తి ఒకడొచ్చి నెల్లాళ్లుగా ఇక్కడే తిష్ట వేశాడు. జట్టును అమ్మెయ్యమంటాడు. ఆటగాళ్లు, చొక్కాల రంగు, పేరు, అన్నీ పట్టుకుపోతాడు. మాకు మిగిలేది గడ్డి."

వదిన గొడుగు అందుకుంది. "పద మరిదీ. నువ్వు ఏడ్చేలోపు వెళ్దాం."

గ్రౌండుకు వెళ్లే సందు చివర్లో అడ్డంగా మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో పెళ్లికూతురి బీరువా ఇరుక్కుంటే గోడ పగలగొట్టి తీశారని ఊళ్లో చెప్పుకుంటారు. గ్రౌండుకు మిగతా మూడు వైపులా ఇళ్ల వీపులే. గేటు దాటగానే రంగు కాగితాలు, మెరిసే గుడ్డలు చుట్టిన స్వాగత ద్వారం కనిపించింది. సైకిలు పట్టే గేటు వెనక లారీ పట్టేంత ద్వారం. మరిది ముచ్చటపడి నిలబడిపోయాడు. వదిన చేతి గొడుగు దానికి తగిలి టంగుమంది.

"చూసి నడు వదినా. పాపం, ఎంత శ్రద్ధగా కట్టారో!"

"పందిళ్లవాడు వెదుళ్లు తెస్తానని చెయ్యిచ్చాడు. పొద్దున్నే మా వెల్డరే ఏదో తంటాలుపడి నిలబెట్టాడు. మాటిస్తే చేసి చూపించే మనిషి," అన్నాడు అధ్యక్షుడు.

ఉత్తరం వైపు గోలు ఉండాల్సిన చోట భూమిలోకి దింపిన రెండు ఇనప గొట్టాలు మాత్రం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. స్తంభాలు వాటిలో నిలబడేవి. పక్కనే వల నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద ఎనిమిది పాత బోల్టులు వరసగా ఉన్నాయి. ప్రతి బోల్టుకూ దాని నట్టు మళ్లీ ఎక్కించి ఉంది.

ఆ గొట్టాల పక్కన గడ్డిలో గొంతుక్కూర్చున్న మనిషి లేచాడు. తల నెరిసింది కానీ పిక్కలు ఇంకా ఆటగాడివే.

"గ్రౌండు చూసుకునేది నేనేనమ్మా. స్తంభం అంటారు నన్ను. అసలు పేరు మా ఆవిడ కూడా మర్చిపోయింది."

"ఆ పేరెందుకొచ్చింది?"

అధ్యక్షుడు దగ్గాడు. మరిది నోట్‌బుక్కులోకి చూశాడు. అది తెలియనివాళ్లు ఊళ్లో లేరు. స్తంభం మాత్రం నవ్వాడు.

"ఇరవై ఆరేళ్ల కిందట. గెలిస్తే పై లీగు. ఆఖరి నిమిషం. ఇదిగో ఈ గోలే. నేను తన్నిన బంతి ఎడమ స్తంభం లోపలి అంచుకు కొట్టుకుని వెనక్కొచ్చేసింది. మర్నాటినుంచి నాకీ పేరు. పిల్లలు పుట్టారు, వాళ్లకీ అదే ఇంటిపేరైంది. మా పెద్దమ్మాయిని బళ్లో స్తంభంగారమ్మాయి అనే పిలిచేవాళ్లు."

"కోపం రాదా?"

"మొదట్లో వచ్చేదమ్మా. తర్వాత గడ్డి కోసే పని దొరికింది. ఊరిని పైకి తీసుకెళ్లలేకపోయాను, గ్రౌండునైనా పచ్చగా ఉంచుదామని."

"గోలు ఎప్పుడు చూశారు చివరిసారి?"

"తెల్లారి ఐదింటికి. పాలకెళ్లి వచ్చేసరికి ఆరున్నర. అప్పటికే లేదు. తాళంచెవి నా దగ్గరొకటి, గ్యాలరీ కమ్మీలు బాగుచేస్తున్న మా బావమరిది దగ్గరొకటి. ఆ స్వాగత ద్వారం కట్టిన వెల్డరు వాడే. గోలు పోయిందని తెలిసి నాకంటే వాడే ఎక్కువ కంగారుపడ్డాడు పాపం."

వదిన సంచీలోంచి కొలత టేపు తీసింది. మరిది చేత ఒక కొస పట్టించి ఇటు కొలిచింది, మైదానమంతా నడిచి ఆ చివర దక్షిణం గోలు కూడా కొలిచింది.

"రాసుకో. ఇక్కడ గొట్టాల బయటి అంచు నుంచి బయటి అంచుకు ఏడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు. అక్కడ స్తంభం లోపలి అంచు నుంచి లోపలి అంచుకు ఏడు మీటర్ల ముప్పై రెండు."

"రెండూ ఒకటే వదినా!" అన్నాడు మరిది సంతోషంగా.

"ఒకటేలే," అంది వదిన, ఇంకెక్కడో చూస్తూ.

ఆ చూపు గేటు దగ్గర నిలబడ్డ తెల్ల ప్యాంటు మనిషి మీద ఆగింది. అతనే నగరం మధ్యవర్తి.

"సానుభూతి తెలియజేద్దామని వచ్చాను," అన్నాడతను. "చిన్న ఊళ్లకు పెద్ద లీగులెందుకండీ? చీమకు ఏనుగు అంబారీ కట్టినట్టుంటుంది."

"గోలు మీరే తీయించారా?"

"నేనా? అది ఎన్ని ముక్కలుంటుందో కూడా నాకు తెలీదు. రెండా?"

"మూడు," అన్నాడు మరిది కసిగా.

"వదిలెయ్ మరిదీ. వేలికి మట్టంటితే తుడవడానికి మనిషిని పెట్టుకునే రకం ఆయన."

వెల్డరు గ్యాలరీలో ఒక కమ్మీని అవసరమున్నదానికంటే ఎక్కువసేపు రుద్దుతున్నాడు. యాభై దాటిన మనిషి. కనుబొమలు నిప్పురవ్వలకు సగం కాలిపోయాయి.

"గోలు చేసింది మీరేనా?"

"దక్షిణానిది మా గురువుగారు చేశారు. ఉత్తరానిది నేను. నా మొదటి పని అదేనండి. సందు మలుపులో అంత పొడుగు గొట్టం తిరగదు కదా, రెండు ముక్కలు తెచ్చి ఇక్కడే అతికాను."

"స్వాగత ద్వారం బాగుంది."

"ఏదోలెండి," అన్నాడు వెల్డరు. అతను కమ్మీ వైపు చూశాడు, గడ్డి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "అధ్యక్షులవారితో మీరైనా చెప్పండమ్మా. ఒక్క వారం గడువడిగితే చాలు, కొత్త గోలు పైసా తీసుకోకుండా చేసిస్తాను."

"ఈ మధ్య పాత గోలుకేమైనా మరమ్మతు చేశారా?"

"లేదండి. నిన్న సాయంత్రం కొలత చూడమంటే చూశానంతే."

"సరిపోయిందా?"

"సరిపోకేం?" అని వెల్డరు మళ్లీ కమ్మీ రుద్దడం మొదలుపెట్టాడు.

కిందికి దిగుతూ మరిది గొణిగాడు. "నాకు ఆ తెల్ల ప్యాంటు మీదే అనుమానం."

"నీది అనుమానం కాదయ్యా, కోపం. అందర్నీ గేటు దగ్గరికి పిలువు. ఎండగా ఉంది, ఆ ద్వారం కింద నిలబడదాం."

పన్నెండింటికి అందరూ వచ్చారు. అధ్యక్షుడు చెమట తుడుచుకుంటున్నాడు. మధ్యవర్తి వాచీ చూసుకుంటున్నాడు. స్తంభం, అతని బావమరిది పక్కపక్కనే నిలబడ్డారు.

"సందు మలుపులో అంత గొట్టం తిరగదు," అని మొదలుపెట్టింది వదిన. "చుట్టూ ఇళ్లు. జనం నిద్ర లేచే వేళ ఎవరి పెరట్లోంచీ పోలేదు. అంటే గోలు గ్రౌండు దాటలేదు. ఇక దొంగ సంగతి. వల మడతపెట్టాడు. బోల్టులకు నట్లు ఎక్కించి పెట్టాడు. దొంగకెందుకండీ అంత ముద్దు? మళ్లీ బిగించాలనుకునేవాడు, ఒక్క నట్టు పోతే రోజంతా వెతుక్కునే అలవాటున్న పనివాడు చేసే పని అది."

వెల్డరు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"రైల్లో నేను నేర్చుకున్నది ఒకటే. టికెట్ లేనివాడు టీసీ వైపు తప్ప అన్ని వైపులా చూస్తాడు. పొద్దున నేను ఒక వస్తువును మెచ్చుకుంటే, దాన్ని కట్టిన మనిషి గడ్డి చూశాడు, ఆకాశం చూశాడు, ఆ వస్తువును మాత్రం చూడలేదు. వెదుళ్లు రాలేదు కదా, మరి ఇది దేనితో కట్టారు? కాగితం చుట్టిన కర్ర టంగుమంటుందా?"

వదిన గొడుగు ఎత్తి తల మీది అడ్డకమ్మీని ఒక్కటి కొట్టింది. టంగ్!

మరిది ముందుకురికి, మెరుపు గుడ్డను ఒక మూర పొడుగున చింపాడు. లోపల తెల్లరంగు వేసిన ఇనుము కనిపించింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదయ్యా!" అని అధ్యక్షుడు అక్కడే చతికిలబడ్డాడు. "పొద్దుట్నుంచీ పదిసార్లు దీని కిందే తిరిగాను!"

స్తంభం బావమరిది వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వా? ఎందుకురా?"

వదినే చెప్పింది.

"గోలు వెడల్పు ఏడు మీటర్ల ముప్పై రెండు ఉండాలి. అది స్తంభాల మధ్య ఖాళీ. లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. మొదటి పని చేస్తున్న కుర్ర వెల్డరు, తలుపు చట్రం కొలిచినట్టు బయటి నుంచి బయటికి కొలిచాడు. మా మరిదిలాగే, అంకె ఒకటే కదా అనుకున్నాడు. స్తంభం మందం పన్నెండు సెంటీమీటర్లు. అటు పన్నెండు, ఇటు పన్నెండు తగ్గిపోయింది. రెండు జట్లూ సగం సగం ఆట ఆ వైపే ఆడతాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. నిన్న సాయంత్రం కొలిచినప్పుడు ఈయనకు తెలిసింది."

"తెలిస్తే చెప్పొచ్చు కదా!" అన్నాడు అధ్యక్షుడు.

"ఎవరికి చెప్పాలి? లోపలి అంచుకు తగిలి వెనక్కొచ్చిన బంతి, ఆ ఎడమ స్తంభం పన్నెండు సెంటీమీటర్లు అవతల ఉంటే ఏమయ్యేది?"

మధ్యవర్తి కూడా వాచీ చూసుకోవడం మానేశాడు. మరిది మనసులో ఆ బంతి ఇరవై ఆరేళ్ల వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, నిశ్శబ్దంగా వలలో పడింది.

"గోలయ్యేది బావా," అన్నాడు వెల్డరు. "నీ బంతి గోలే. తప్పు నాది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఊరంతా నిన్ను ఆ పేరుతో పిలుస్తుంటే నేనూ నవ్వానే, నేనూ పిలిచానే! ఏ మొహం పెట్టుకుని చెప్పను? వారం గడువు దొరికితే సరైనది చేసి పెట్టేద్దామనుకున్నా. దాచడానికి చోటు లేక, పందిళ్లవాడు రాక, ఇలా..."

స్తంభం తలెత్తి ఆ అడ్డకమ్మీ వైపు చూశాడు. తర్వాత దాని మీదినుంచి వేలాడుతున్న గులాబీ కాగితం ముక్కను లాగి చేతిలో ఉండ చుట్టాడు.

"మీ అక్కకి తెలుసా?"

"లేదు."

"అయితే ఇవాళ నీకు అన్నం పుట్టదురా," అని పకపక నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "నిలబడ్డావేం? నాలుగు గంటలే టైముంది. ఎంత అతకాలి?"

"ఇరవై నాలుగు సెంటీమీటర్లు బావా."

"గుంటలు నేను తవ్వుతా. పద!"

ఆ మధ్యాహ్నం గ్రౌండులో భోజనాల ఊసే లేదు. అధ్యక్షుడు చొక్కా విప్పి మట్టి మోశాడు. మరిది టేపు పట్టుకున్నాడు. ఈసారి లోపలి అంచుకు. తెల్ల ప్యాంటు మధ్యవర్తి కాసేపు చూసి, ఎవరూ తనను పట్టించుకోకపోయేసరికి, గోలు స్తంభం కొసను రెండు నిమిషాలు పట్టుకుని, ప్యాంటు చూసుకుని వెళ్లిపోయాడు.

నాలుగింటికి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకు వదిన జరిగిందంతా దాచకుండా చెప్పించింది. ఆవిడ నవ్వలేదు. టేపు తీసి ఉత్తరం వైపు గోలు రెండుసార్లు కొలిచింది. రంగు వాసన వస్తున్న అతుకును వేలితో తట్టింది.

"పాత ఆటల ఫలితాలు మారవు," అంది. "నేను కొలిచేది ఇవాళ్టి గోలును. ఇది సరిగ్గా ఉంది." మిగతా గ్రౌండంతా చూసి, కాగితం మీద సంతకం చేశాక మాత్రం ఆవిడ స్తంభం వైపు తిరిగింది. "బంతి ఉందా ఇక్కడ? నాకూ చూడాలనుంది."

బంతి వచ్చింది. అప్పటికి సందులోని వాళ్లందరూ గేటులోంచి లోపలికి వచ్చేశారు. ఇళ్ల వీపుల మీది కిటికీలన్నీ తెరుచుకున్నాయి. స్తంభం ప్యాంటు మడిచి, ఇరవై ఆరేళ్ల కిందట నిలబడ్డ చోటు ఎవరూ చూపించకుండానే వెతుక్కుని, అక్కడ బంతి పెట్టాడు. మరిది వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

స్తంభం నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి తన్నాడు.

బంతి ఎడమ స్తంభానికి తగిలి టంగుమని, గెంతుకుంటూ వెనక్కొచ్చి అతని కాళ్ల దగ్గరే ఆగింది.

వెల్డరు గాభరాగా టేపు పట్టుకుని గోలు వైపు పరిగెత్తబోయాడు.

"ఆగరా!" అని అరిచాడు స్తంభం. నవ్వు ఆపుకోలేక నడుం పట్టుకుని గడ్డిలో కూర్చుండిపోయాడు. "కొలత సరిగ్గానే ఉంది. ఈసారి తప్పు నాదే!"