బుల్లయ్యగారి దవడ కట్టు

పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతుండగానే సుబ్బరావమ్మ కోడలితో తేల్చి చెప్పేసింది.

"సోమవారంకల్లా రాజీనామా ఇచ్చెయ్. రోజూ పగిలిన మూతులు చూసే ఉద్యోగం మనింట్లో ఎవరికి కావాలమ్మా?"

గుంటూరులో ఓ ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేస్తున్న లక్ష్మీదుర్గ, చట్నీకి తిరగమోత పెడుతూ, "ఆయన్నడిగి చెబుతా అత్తయ్యా" అంది. ఆయన మిర్చి లోడుతో యార్డుకెళ్లాడు. ఇంట్లో గాలి వేడెక్కిన రోజున శివరామకృష్ణకు యార్డులో పని తప్పకుండా ఉంటుంది.

అంతలో వెనక చేలోంచి కేకలు. ఆయిల్ ఇంజను స్టార్టు చేస్తుంటే హ్యాండిలు వెనక్కి తన్ని మామగారు బుల్లయ్య ముఖానికి కొట్టింది. కూలీలు మోసుకొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. సుబ్బరావమ్మ కాఫీపొడి డబ్బాతో పరుగెత్తుకొచ్చింది.

"పొడి వద్దు! మెడ నొప్పుందా మావయ్యా? లేదా? అయితే లేపండి, ముందుకు వంచండి. నెత్తురు మింగొద్దు, ఉమ్మెయ్యండి."

ఉప్పు సరిపోయిందా అని అత్తగారిని అడిగే గొంతు కాదది. దుర్గ ఫోను లైటు వేసి నోట్లోకి చూసింది. ఊడిన పన్ను నేల మీద దొరికింది, గొంతులోకి పోలేదు. కంటి చుట్టూ ఎముకను మెల్లగా తడిమి, రెండు వేళ్లెత్తి "ఎన్ని?" అంది. ఆయన రెండు చూపించాడు. "పళ్లు ఎప్పటిలా కలుస్తున్నాయా?" లేదన్నట్టు చెయ్యి ఊపాడు. దవడ పక్కకి జారి ఉంది.

నెత్తురు కాస్త తగ్గాక ఆమె గడ్డం కిందనుంచి నడినెత్తి మీదికి బ్యాండేజీ చుట్టబోయింది.

"ఆపవే! బతికున్న మనిషికి దవడ కడతావా?" సుబ్బరావమ్మ అరిచింది. ఆ ఇంట్లో తన అత్తా మామా పోయాక వాళ్లకి దవడలు కట్టింది ఆమె చేత్తోనే మరి.

"ఊగితే విరిగిన ఎముక గుచ్చుకుంటుంది అత్తయ్యా. తిట్లు కార్లో తిట్టండి."

పక్కింటి అయూబ్ కారు సగం దారిలో ఉండగా బుల్లయ్యకు డోకు వచ్చింది. దుర్గ ఒక్క లాగు లాగితే కట్టంతా ఊడింది. ఆయన ముందుకు వంగి కక్కాడు, సుబ్బరావమ్మ చీర మీదే. దుర్గ రెండు చేతులతో గాయం నొక్కిపట్టి, "మళ్లీ మీరే కట్టాలి" అంది.

"నా వల్ల కాదే తల్లీ."

మాట రాని బుల్లయ్య భార్య చెయ్యి తీసి తన గడ్డం కింద పెట్టుకున్నాడు. ఆమె చుట్టి, అలవాటుగా రెండు ముళ్లు బిగించింది.

"అలా కాదు. ఒక్క లాగుతో ఊడాలి. మళ్లీ డోకొస్తే ఆయనకు ఊపిరాడాలిగా?"

సుబ్బరావమ్మ తను వేసిన ముళ్ల వంక చూసుకుంది. తను ఇదివరకు కట్టిన ఆ రెండు కట్లూ ఎవరూ విప్పనక్కర్లేనివి. ముళ్లు విప్పి జారుముడి వేస్తుంటే కళ్లలోంచి నీళ్లు దూకాయి.

ఆసుపత్రిలో డాక్టరు, రెండు చోట్ల విరిగింది, ప్లేట్లు వేస్తాం అన్నాడు. "ఇలా కూర్చోబెట్టి తెచ్చింది ఎవరు? వెల్లకిలా తెచ్చుంటే ఊపిరాడేది కాదు."

"మా కోడలు," అంది సుబ్బరావమ్మ. "ముడి మాత్రం నాది" అని చేర్చింది.

"పదిరోజులు సెలవు పెడతానత్తయ్యా."

"ఎందుకూ? నోరు కట్టేసిన మొగుణ్ణి చూసుకోడం నాకేం కష్టం? నువ్వు డ్యూటీకి పో. ఎవరి మొగుణ్ణో వెల్లకిలా పడుకోబెట్టి తెస్తుంటారు."